ఒప్పుకోని పెట్టె

…అంటే తరంగానిది మొండితనం కాదు, జాగ్రత్త. అవతల అందుకునే చెయ్యి లేదని తెలిస్తే ఇవతల గడప దాటదు. దీపం వెలిగించగానే వెలుగు దానంతటది నాలుగు దిక్కులకూ పోతుందని అనుకుంటాం. పోదు. ఎక్కడో ఒక గోడో, ఒక ఆకో, ఒక కన్నో దాన్ని పుచ్చుకుంటానని మాట ఇచ్చాకే బయల్దేరుతుంది. ఆ పుచ్చుకోవడం రేపు జరిగేదైనా, ఏడాది తర్వాత జరిగేదైనా, మాట మాత్రం ఇవాళే వచ్చి చేరుతుంది. కాగితం మీద ఉన్నన్నాళ్ళూ ఇది ఎంత ముద్దుగా ఉండేది! పిల్లలకు చెప్పే కథలా. కాగితం దిగి పెట్టెలోకి వచ్చి కూర్చున్నాకే…

"సార్, చట్నీయా, సాంబారా?"

వామనమూర్తి ఉలిక్కిపడ్డాడు. ల్యాబు క్యాంటీన్లో, ఇడ్లీల వరుసలో, రెండు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏదైనా," అన్నాడు.

వడ్డించే మనిషి రెండూ కలిపి పోసేశాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఇందుమతి కూర్చుని ఉంది. ప్లేటు చూసి నవ్వింది. "ఇదేంది, ఇడ్లీలకు స్నానం చేయించుకొచ్చినావా?"

అతను ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఇడ్లీని రెండుగా తుంచింది. ఆ సగాన్ని మళ్ళీ రెండుగా తుంచింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని మిగిలినవి ప్లేటు అంచుకు జరిపింది. జరిపాక ఆ చెయ్యి కుడివైపు పక్కటెముకల కిందికి పోయింది. అతను సాంబారు వైపు చూశాడు.

"కేబుల్ మార్చినా. కనెక్టర్లన్నీ విప్పి మళ్ళా బిగించినా. తరవాత సర్క్యులేటర్. ఈ పొద్దు దాని సంగతి చూస్తా," అంది.

"తినవేం?"

"తిన్నా గదా. ఏంది, అట్ల చూస్తా ఉండావు?"

"ఏం లేదు."

ఏం లేదు అనే మాట అతనికి ఈ మధ్య శ్వాసలా అలవాటైపోయింది.

వాళ్ళిద్దరూ పనిచేసే ల్యాబు మదనపల్లె దాటాక కొండల మధ్య ఉంది. చుట్టుపక్కల టవర్లు లేవు, పెద్ద ఊళ్ళు లేవు. రేడియో తరంగాల రొద తక్కువని వెతికి వెతికి పట్టుకున్న చోటు. వామనమూర్తిది సిద్ధాంతం, తెల్ల కాగితం, పెన్సిలు చాలు. ఇందుమతి రేడియో ఫ్రీక్వెన్సీ ఇంజనీరు. ఆమెకు స్పానర్లు, రాగి గొట్టాలు, ద్రవ హీలియం కావాలి. ఆయన అంటాడు, ఆమె చేస్తుంది అని ల్యాబులో వేళాకోళం. పెళ్ళికి ముందే ఆ వేళాకోళం ఉంది. పెళ్ళయ్యాక దాన్ని ఇంట్లో కూడా అనుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆమె చేసింది ఒక పెట్టె. నియోబియం లోహంతో, మంచినీళ్ళ బిందెంత. దాన్ని ద్రవ హీలియంలో ముంచి చల్లబరిచి లోపలికి ఒక తరంగాన్ని పంపితే అది నెలల తరబడి గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ బతికే ఉంటుంది. ప్రపంచంలో మరెక్కడా అంతకాలం బతకదు. ఆషాఢంలో నింపితే కార్తీకంలో తెరిచి, రిసీవరులోకి తీసుకుని, ఎంత మిగిలిందో కొలవాలి. ఇలాంటి పెట్టెలు ఒక గదినిండా ఉన్నాయి. ఒక్కో పెట్టె మీద ఒక్కో మనిషి పేరు, తెల్ల టేపు మీద రాసి అంటించి. మొదట్లో ఒకరి పెట్టె ఇంకొకరు తెరిచి లెక్కలన్నీ కలగాపులగం చేశారు. అప్పటి డైరెక్టరు సదాశివరావు గట్టిగా నియమం పెట్టాడు: ఎవరి పెట్టె తెరిచే మీట వాళ్ళే నొక్కాలి. ఆ మనిషి రాకపోతే పెట్టె అలాగే చల్లారిపోవాలి తప్ప మరో చెయ్యి పడకూడదు.

నిరుడు మొదటి విడతలో ఫిలిప్ అనే ఇంజనీరు పెట్టె తరంగాన్ని పుచ్చుకోలేదు. పంపింది పంపినట్టు వెనక్కి వచ్చేసింది. వెనక్కి వచ్చినదాన్ని కొలిచే మీటరు ముల్లు నిటారుగా లేచి నిలబడింది. తిరిగొచ్చిన తరంగం అంటే తప్పు. ఇది ఇందుమతి వృత్తిలో ఉగ్గుపాలతో నేర్చే పాఠం. ఎక్కడో అతుకు వదులైంది, ఎక్కడో దుమ్ము పడింది, ఎక్కడో కేబుల్ మడత పడింది. వెతుకు. సరిచెయ్యి. ముల్లు పడుకునేదాకా తిప్పు. లేచిన ముల్లు ఏమైనా చెబుతోందేమోనని ఆ వృత్తిలో ఎవరూ అడగరు. ఇందుమతీ అడగలేదు. వారాల తరబడి సరిచేస్తూనే ఉంది. ఈలోగా ఫిలిప్ రాజీనామా ఇచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. పేరుతో పాటు పెట్టెనూ పక్కన పెట్టేశారు.

తర్వాత సదాశివరావు పెట్టె అలాగే చేసింది. మళ్ళీ వెతుకులాట, మళ్ళీ స్పానర్లు. పెట్టె తెరవాల్సిన రోజుకు ముందే ఆయన స్నానాల గదిలో పడిపోయి, లేవలేదు. పరామర్శకు వెళ్ళి, చెప్పులు గుమ్మం బయట వదిలి, అందరితో పాటు చాప మీద కూర్చున్నప్పుడు వామనమూర్తికి తట్టింది. పెట్టె చెడిపోలేదు. ఆయన తెరవడని దానికి తెలుసు. తెరిచే చెయ్యి లేదు కనుక తరంగం గడప దాటలేదు. తను కాగితం మీద రాసిన పిల్లల కథ నిజం. ఆ చాప మీద, ఏడుపుల మధ్య, అతనికి లోపల ఒక క్షణం సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని అతను తర్వాత చాలాసార్లు తవ్వి చూసుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. ఇంకొక్క నిదర్శనం దొరికితే చెబుదాం అనుకున్నాడు.

ఈ ఆషాఢంలో రెండో విడత మొదలైంది. పెట్టెలన్నీ ఒప్పుకున్నాయి. ఇందుమతి పేరున్న పెట్టె ఒప్పుకోలేదు.

*

మధ్యాహ్నం ఆమె స్టోర్సుకు వెళ్ళింది. గదిలో పంపుల రొద తప్ప ఏమీ లేదు. వామనమూర్తి తలుపు వైపు ఒకసారి చూసి, పెట్టె మీది టేపు మెల్లగా ఊడదీశాడు. కొత్త ముక్క చింపి 'మూర్తి' అని రాసి అంటించాడు. కళ్ళు మూసుకున్నాడు.

కార్తీక పౌర్ణమి దాటాక వచ్చే సోమవారం నేను ఇక్కడికి వస్తాను. ఏం జరిగినా వస్తాను. ఆమె లేకపోయినా వస్తాను. ఈ మీట నేను నొక్కుతాను.

తరంగాన్ని పంపే జనరేటరు ఆన్ చేశాడు. ముల్లు లేచి నిలబడింది.

ఇది మొదటిసారి కాదు. ఆమె లేనప్పుడల్లా చేస్తున్నాడు. ఒకసారి తల్లి మీద ఒట్టేసి చేశాడు. ఒకసారి బిగ్గరగా పైకి చెప్పి చేశాడు. ఒకసారి ఏడ్చి, ఆ తడి ఆరకముందే చేశాడు. ముల్లు ఒక్కసారీ కదల్లేదు.

మనిషి తన సంకల్పం గట్టిదని తనకు తాను ఎన్నిసార్లైనా చెప్పుకోవచ్చు. దాన్ని తూచే తక్కెడ ఎదురుగా లేనంతవరకూ ఇబ్బంది లేదు. ఈ తక్కెడ అతని ప్రతి ఒట్టునూ తూచి, చాలదని తిరగ్గొట్టింది. అతనికి అది అన్యాయమనిపించలేదు కూడా. తనెలాంటివాడో తనకు తెలియదా? పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు తెనాలిలో లారీల షెడ్డులో దాక్కుని, ఎవరో వచ్చి చెప్పేదాకా కదలనివాడు. ఈనాటికీ కవరు వస్తే భార్య చేత చింపించుకునేవాడు. ఆ సోమవారం తను ఏ గదిలోనో గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. ఆమె పెట్టె ముందుకు వచ్చే ధైర్యం తనకు ఉండదు. పెట్టెకు అది తెలుసు. అంతే.

ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చు. ఈ మాట రోజూ వస్తుంది. వచ్చినప్పుడల్లా అతని బుర్ర దానికి జవాబు సిద్ధంగా ఉంచుతుంది. ముల్లుకు రేపటి సంగతి ఇవాళే తెలుసు. అంటే తను తీసుకెళ్ళబోయే ఆస్పత్రి, రాయబోయే మందులు, కోయబోయే కత్తి, అన్నీ లెక్కలో వేసుకునే అది లేచింది. ఇంక తీసుకెళ్ళి ఒరిగేదేమిటి? ఆమెకు మిగిలిన నిశ్చింత నాలుగు రోజులూ పాడుచెయ్యడం తప్ప. ఈ వాదాన్ని అతను ఎన్నో విధాల పరీక్షించాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకని వాదం మీద ఆనుకుని కుర్చీలో కూర్చోవడం సుఖంగా ఉంటుంది. ఆ సుఖమే అతన్ని అప్పుడప్పుడూ భయపెట్టేది.

ఆమె ఒంట్లో మార్పు తను గమనించడం మొదలుపెట్టింది కూడా ముల్లు లేచాకే కదా, అనుకునేవాడు. ముల్లు చెప్పకపోతే తనకేం తెలిసేది?

కారిడారులో చెప్పుల చప్పుడు వినిపించింది. పాత టేపు మళ్ళీ అంటించేశాడు. ఇందుమతి, తిరిగొచ్చే తరంగాన్ని మీటరుకు మళ్ళించే సర్క్యులేటర్ డబ్బా గుండెకు ఆనించుకుని వచ్చి, గుమ్మంలో ఆగి, తలుపు చెక్క పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"మెట్లు ఎక్కువైనాయా, నేను ముసలిదాన్నైనానా?" అంది.

"మెట్లే," అన్నాడు.

*

ఆదివారం నళిని వచ్చింది. నళిని ఇందుమతి చెల్లెలు. మదనపల్లెలో కారు నేర్పే స్కూలు నడుపుతుంది. నెత్తిమీద ఎర్ర ఎల్ బోర్డున్న కారులోనే క్వార్టర్సుకు వస్తుంది; గేటు దగ్గర ఆపడం, హారను కొట్టడం, వాచ్‌మన్‌తో కొట్లాడటం, అన్నీ ఇంట్లోకి వినపడతాయి.

వంటింట్లో అక్క వీపు చూసి ఆగిపోయింది. జాకెట్టు రెండు పక్కలా పిన్నీసులు పెట్టి ఉన్నాయి.

"ఏందక్కా ఇది? కుట్టించుకునేదానికి కూడా తీరుబడి లేదా నీకు?"

"టైలరు పండగదాకా తీసుకోనన్నాడు."

"టైలరు సంగతి కాదు నేనడిగింది." నళిని హాల్లోకి తొంగిచూసి గొంతు పెంచింది. "బావా! పెండ్లాన్ని ఎండబెట్టి వడియాలు పెడతా ఉండావా ఏంది?"

వామనమూర్తి పేపరు వెనక నుంచి నవ్వాడు. నవ్వినట్టు శబ్దం చేశాడు.

భోజనాల దగ్గర ఇందుమతి ముందు అన్నం మజ్జిగలో తేలుతూ ఉండిపోయింది. ఆమె పెట్టె గురించే మాట్లాడుతోంది. సర్క్యులేటర్ మార్చినా ముల్లు దిగలేదు. ఇక జనరేటర్ మార్చాలి.

"పెట్టె పెట్టె అని నువ్వే పెట్టెలోకి పోయేటట్టుండావు," అంది నళిని. అనేశాక తన నోటి మీద తనే కొట్టుకుంది. "థూ, నా నోరు. అక్కా, తిరపతి పోదాం. పెద్దాస్పత్రిలో ఒకసారి చూపించుకుందాం. నేనే తోల్తా కారు."

"గ్యాసే. తిన్నది అరగడం లేదంతే. ఈ పెట్టె పని అయిపోనీ, పోదాం."

"బావా, నువ్వు చెప్పు. నువ్వంటే వింటుంది."

ఇద్దరూ అతని వైపు చూశారు. పప్పు గిన్నెలో గరిటె నిలబడి ఉంది. కుక్కరు వాసన ఇంకా పోలేదు. ఒక్క మాట. రేపు పోదాం అంటే చాలు. ఆ మాట అతని నోటిదాకా వచ్చింది కూడా. కానీ దాని వెనకే గదిలో నిటారుగా నిలబడ్డ ముల్లు కనిపించింది.

"చూద్దాంలే," అన్నాడు. "ఆ పని కానీ."

ఇందుమతి ముఖంలో కండరం ఏదో సడలింది. ఆమె కూడా ఆ మాటే కోరుకుందని అతనికి అప్పుడు తెలిసింది. ఆమె భయం ఆమెకు ఉంది. ఆమెది పెట్టె వెనక దాక్కుంటే, అతనిది ముల్లు వెనక దాక్కుంది. రెండు భయాలూ ఒకదానికొకటి ఎక్కడా సందు లేకుండా కుదిరిపోయాయి. అందుకే ఆ ఇంట్లో ఇంత నిశ్శబ్దం.

నళిని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "ఇద్దరు సైంటిస్టులు," అని, మజ్జిగ పోసుకుంది.

*

భాద్రపదం వర్షాలు పట్టాయి. జనరేటర్ మారింది. మీటరు మారింది. ముల్లు మారలేదు. ఇందుమతి ఇప్పుడు కూర్చునే పనిచేస్తోంది. స్టూలు మీద కూర్చుని, ఒక మోచెయ్యి బల్లకు ఆనించి, కనెక్టరు బిగిస్తూ మధ్యలో ఆగుతుంది. వామనమూర్తి తన గదిలోంచి ఏదో ఒక వంకతో వచ్చి చూసి పోతుంటాడు. ఉన్న లోపాన్ని వెతికేవాళ్ళను చూడొచ్చు. లేని లోపాన్ని ఇంత శ్రద్ధగా వెతికే మనిషిని, అది లేదని తెలిసి చూస్తూ నిలబడటం వేరు. చాలు ఇందూ అనాలి. అనలేకపోయాడు. చాలంటే ఎందుకని అడుగుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని నళిని ల్యాబుకే వచ్చేసింది. చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి.

"నా ఫోను గేటు కాడ పెరుక్కున్నారు. లోపల మీరేం చేస్తా ఉండారో నేను ఫోటో తీసి పాకిస్తానుకు పంపుతానంట," అంటూ క్యారియరు బల్ల మీద పెట్టింది. "రాగిసంగటి, ఆకుకూర. మెత్తగా చేసినా. తినక్కా."

"తింటా ఉండు." ఇందుమతి పెట్టె వైపు చూస్తోంది. చూపు పెట్టె పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నడిచింది. వామనమూర్తి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ చూపు అతనికి తెలుసు. ఆమె ఎప్పుడూ ఒకే పద్ధతిలో పనిచేస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి, అది కాదని తేలితే తరవాతది. వరస తప్పదు, దేన్నీ వదలదు.

"కేబుల్ మార్చినా," అంది తనలో తాను. "కనెక్టర్లు. సర్క్యులేటర్. జనరేటర్. మీటర్. ఇంక మార్చనిది ఈ టేపు ఒకటే." నవ్వింది. "సరే, దాన్నీ మారుద్దాం. నళినీ, కార్తీక పౌర్ణమి దాటినాక వచ్చే సోమవారం వచ్చి ఈ మీట నొక్కిపోతావా?"

"మీ క్యాంటీన్లో బోండా ఇప్పిస్తే వస్తా."

"ఇప్పిస్తాలే. తప్పకుండా వస్తావా?"

"ఆ, వస్తాలేక్కా. మీట నొక్కేదానికి ఇంత బతిమాలాలా?" నళిని తల తుడుచుకుంటూ, అసలు ఇటు చూడనైనా చూడకుండా అంది.

"ఇందూ, వద్దు," అన్నాడు వామనమూర్తి. అన్నానని అనుకున్నాడు. పైకి రాలేదు.

ఇందుమతి 'నళిని' అని రాసి అంటించి, జనరేటరు ఆన్ చేసింది.

ముల్లు పడుకుంది.

మెల్లగా వణికి దిగడం కాదు. అలసిపోయిన మనిషి మంచం మీద వాలినట్టు ఒక్కసారిగా పడుకుంది. తరంగం లోపలికి పోయింది. అతను తల్లి మీద వేసిన ఒట్టుకు కదలనిది, తల తుడుచుకుంటూ పారేసిన మాటకు ఒప్పుకుంది.

ఇందుమతి స్టూలు ముందుకు లాక్కుంది. జనరేటరు ఆపింది. టేపు తీసి, తన పేరున్న టేపు మళ్ళీ అంటించి, ఆన్ చేసింది. ముల్లు లేచింది. తీసింది. నళిని పేరు పెట్టింది. పడుకుంది. ఇంకో ముక్క చింపి 'మూర్తి' అని రాసింది. లేచింది. ఆమె వేళ్ళు తొందరపడలేదు. తర్వాత స్టూలు మీదే తిరిగి భర్త ముఖంలోకి చూసింది.

"మూర్తీ," అంది. "పేరు మారిస్తే ముల్లు పడింది. ఇది చూసి ఎవరైనా కేకపెట్టాల. నువ్వు గోడ చూస్తా ఉండావు."

అతను ఏదో ఒక ముఖం పెట్టి ఉండాల్సింది. ఆలస్యమైంది.

"నీకు ఆశ్చర్యంగా లేదు," అంది ఇందుమతి.

*

వరండాలో వాన జల్లు లోపలికి కొడుతోంది. ఇద్దరూ చెక్క బెంచీ మీద కూర్చున్నారు. అతను అంతా చెప్పాడు. ఫిలిప్, సదాశివరావు, చాప, పిల్లల కథ. చాప మీద కలిగిన సంతోషం ఒక్కటీ దాచుకున్నాడు.  ఆమె లెక్క బోర్డు మీద ఎక్కుతుంటే చూసినట్టు చూసింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు, నా సంగతి?"

"ఆషాఢం నుంచి. ముల్లు లేచినప్పటి నుంచి."

"నేను ఆడ కూర్చుని కనెక్టర్లు విప్పుతా ఉంటే, నువ్వు వచ్చి చూసి పోతా ఉన్నావు."

"చెప్పి ఏం చెయ్యను ఇందూ? అది ముందే తేల్చేసింది. మనం ఏం చేసినా దాని లెక్కలో ఉన్నదే…"

"ఏం తేల్చింది?"

అతను బెంచీ మీద పడ్డ జల్లును అరచేత్తో తుడిచాడు.

"చెప్పు. నువ్వు సిద్ధాంతం మనిషివి గదా. ఆ పెట్టె ఏం చెప్పింది?"

"నువ్వు… ఆ రోజుకు…"

"అది చెప్పింది ఒకటే. ఆ సోమవారం ఇందుమతి వచ్చి మీట నొక్కదు. చస్తానని చెప్పలేదు. ఆ మాట నువ్వు రాసుకున్నావు. ఫిలిప్ పెట్టె కూడా తిరగ్గొట్టె. వాడు బెంగళూరులో బిర్యానీ తింటా ఉండాడు. నీకు వాడు గుర్తుకురాలేదు, సదాశివరావుగారే గుర్తొచ్చినారు." ఊపిరి కోసం ఆగింది. "నీ పేరు పెట్టినా అది ఒప్పుకోలేదు. నువ్వూ చస్తావా?"

"నాకు… ఆ రోజు ఇక్కడికి వచ్చే ధైర్యం ఉండదని…"

"నీ ధైర్యం గురించి పెట్టెకు ఎందుకు? నువ్వు రావని మాత్రమే దానికి తెలుసు. ఎందుకు రావో తెలియదు." ఆమె గొంతు తగ్గింది. "ఆ పొద్దు యాడన్నా ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చోని ఉంటావేమో. ఉండవా?"

వామనమూర్తి ఆమె వైపు తిరిగాడు. ఇన్ని నెలలుగా ఆ సోమవారాన్ని ఎన్ని రకాలుగా ఊహించుకున్నాడో! చీకటి గది, గోడ, పరామర్శకు వచ్చినవాళ్ళ చెప్పులు. ఇది ఒక్కటీ రాలేదు. సుళువైనది, అందరికీ ముందుగా తట్టాల్సినది, ఒక ఇనప స్టూలు, దాని మీద తను. దుఃఖాన్ని ఊహించడంలో తను ఎంత ఆరితేరాడంటే, ఆ దుఃఖంలో తనకు చెయ్యాల్సిన పని ఏదైనా ఉంటుందేమోనన్న ఆలోచనే రాలేదు.

"ఏమో, చస్తానేమో కూడా," అంది ఇందుమతి వానను చూస్తూ. "అది నాకూ తెలుసు. ఏదో పెద్దదేనని లోపల తెలుస్తానే ఉంది. పెట్టె పని ఉంది గదా అని నేనూ తప్పించుకుంటి. నేను తప్పించుకుంటే నువ్వు పట్టుకోవద్దా, మూర్తీ?"

గుమ్మంలోంచి నళిని తొంగిచూసింది. చేతిలో సంగటి గిన్నె. "ఏమైందక్కా? నేను ముట్టుకోకూడనిది ఏమన్నా ముట్టుకున్నానా? బావా, ఏమన్నా చెడిపోయిందా?"

 ఇందుమతి చెయ్యి పక్కటెముకల కిందికి పోయింది. ఈసారి ఆమె దాన్ని దాచుకోలేదు. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, నొప్పి దాటిపోయేదాకా కూర్చుంది. అంత పెద్ద నొప్పి అని అతనికి తెలియదు. ఆమె ఇన్నాళ్ళూ దాన్ని నవ్వు కింద పెట్టి దాచింది.

అతను లేచాడు. వరండా చివర గోడకు ఫోను ఉంది. లోపల సెల్‌ఫోన్లు పనికిరావు కనుక అందరికీ అదొక్కటే. రిసీవరు చేతిలోకి తీసుకున్నాడు. అది తడిగా, చల్లగా ఉంది. తిరుపతి ఆస్పత్రి నంబరు కోసం వెతుక్కోనవసరం లేకపోయింది. ఎప్పుడు కంఠస్థం చేశాడో తెలియదు, వేళ్ళు వాటంతటవి నొక్కాయి. అవతల గంట మోగుతోంది. ఎవరూ ఎత్తకపోతే బాగుండునని ఒక క్షణం, ఆఖరిసారిగా, కోరుకున్నాడు.

"నమస్తే సార్, చెప్పండి," ఒక అమ్మాయి గొంతు.

"అపాయింట్‌మెంట్ కావాలమ్మా. రేపు పొద్దునకే."

"పేషెంట్ పేరు సార్?"

"ఇందుమతి."

"మీరేమవుతారు?"

"భర్తని."

"ప్రాబ్లం ఏంటి సార్?"

అతను బెంచీ వైపు చూశాడు. ఇందుమతి కళ్ళు తెరిచి అతన్నే చూస్తోంది. నళిని ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"అన్నం దిగడం లేదు," అన్నాడు. "ఒక ఇడ్లీ నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క తింటుంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. మెట్లెక్కితే ఆయాసం, తలుపు పట్టుకుని నిలబడుతుంది. బట్టలన్నీ వదులైపోయాయి. మధ్యాహ్నాలు కళ్ళు పచ్చగా కనిపిస్తాయి. రాత్రి ఎడమవైపుకు తిరిగే పడుకుంటుంది, ఇటు తిరగలేదు." మాటలు ఆగడం లేదు. ఒకదాని వెనక ఒకటి, ఎంతకాలంగానో వరసలో నిలబడి ఉన్నట్టు వచ్చాయి.

అవతల కంప్యూటరు మీద వేళ్ళ చప్పుడు ఆగింది.

"ఎప్పట్నించి సార్ ఇట్లా?"

ఆషాఢం నుంచి. ముల్లు లేచినప్పటి నుంచి. జవాబు నోటిలో సిద్ధంగా ఉంది. ఆమెకు చెప్పిన జవాబే. ఇందుమతి వింటోంది. అతను రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఉగాది నుంచమ్మా," అన్నాడు.